బెల్లం షావుకారు కొన్న ఇంజిన్

కారులో ఆ కారుదే ఇంజిన్ ఉండటమంత దరిద్రం లోకంలో ఇంకోటి లేదు!

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. మీ ఇంటి ముందు ఒక కారు ఉంది. దాంట్లో కంపెనీవాడు బిగించిన ఇంజినే ఉంది. పొద్దున్నే తాళం తిప్పారు, స్టార్టయింది. వెళ్లారు, వచ్చారు, పార్కు చేశారు. అంతేనా మీ జీవితం? పక్కింటాయన మీతో చివరిసారి మాట్లాడిందెప్పుడు? మీ వీధిలో ఎవరి భుజంలో ఎంత సత్తా ఉందో మీకు తెలుసా? మీ ఆవిడ క్లచ్ మీద కాలు పెట్టి ఎన్నాళ్లయింది?

ఏమీ తెలీదు మీకు. ఎందుకంటే మీ కారు నడుస్తుంది!

అదే, ఒక మోడల్ బండిలో ఇంకో మోడల్ ఇంజిన్ పెట్టించండి. సంవత్సరాలు కూడా కలవకుండా చూసుకోండి. సెకండ్ హ్యాండ్ ఇంజినైతే మరీ శ్రేష్ఠం. ఆ రోజు నుంచి మీ ఇంట్లో ఐకమత్యం, వీధిలో స్నేహం, ఒంట్లో ఆరోగ్యం వాటంతటవే వచ్చి కూర్చుంటాయి.

గాలిలో మాటలు కావివి. నా దగ్గర ఆధారం ఉంది. ఆ ఆధారం పేరు త్రినాధరావు. మా అక్క సత్యలక్ష్మి భర్త, నాకు బావ. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్ఫై ఏళ్లుగా షావుకారు. దిమ్మ ముందు నిలబడి, గోటితో ఓసారి గీకి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను చికిలించి చూశాడంటే ఆ బెల్లం ఏ ఊరిదో, ఏ గానుగదో, వండినవాడు ఆ రోజు పెళ్లాంతో పోట్లాడాడో లేదో కూడా చెప్పేస్తాడు. అంతటి కన్ను!

ఆ కంటికి ఒక సిద్ధాంతం కూడా ఉంది. ఎవరు దొరికినా కూర్చోబెట్టి చెబుతాడు. "తళతళలాడే బెల్లం తినకండర్రా. అది హైడ్రోస్ అనే మందు పొడి కలిపితే వచ్చే రంగు. నల్లగా, మొరటుగా ఉంటాది చూడు, అదీ అసలు సరుకు."

అందుకే మా అక్క వంటింట్లో నల్ల బెల్లమే ఉంటుంది. బావ కొట్లో మాత్రం పసుపుపచ్చ దిమ్మలకే పై ధర. నల్ల దిమ్మ వస్తే "రంగు తక్కువ" అని ఒకటే మాట, ధర కిందికి! పైరాష్ట్రాల నుంచి కొనడానికొచ్చే పార్టీలు రంగే అడుగుతారట, తానేం చెయ్యగలడట. దీన్ని ద్వంద్వనీతి అనకండి. మా వాళ్లు వ్యాపారం అంటారు.

ఇక కారు సంగతి. బావకి విహారి అనే బండి ఉంది. రెండు వేల ఎనిమిది మోడల్, డీజిల్. పొద్దున్న స్టార్టయ్యేటప్పుడు రెండుసార్లు దగ్గేది, ఆ తర్వాత సాయంత్రం దాకా మారు మాట్లాడేది కాదు. ఇంజిన్ మీద పదిహేడేళ్ల మసి, నూనె, దుమ్ము కలిసి పెనం అడుగులా అట్ట కట్టి ఉండేవి.

గత సెప్టెంబరులో మా అక్క ఎల్‌ఎల్‌ఆర్, అదే లెర్నర్ లైసెన్సు, తీసుకుంది. యాభై ఒకటో ఏట! రాంబిల్లిలో ఉన్న మా చెల్లెలు శ్రీదేవిని చూడాలంటే అక్క ముందు బావని అడగాలి. బావ "రేపు" అంటాడు. మార్కెట్లో షావుకారుకి రేపు అనేది ఎప్పుడూ రాదు. అందుకని ఎవరినీ అడక్కుండా, తన కారులో, తనే నడుపుకుని సముద్రం ఒడ్డున ఉన్న చెల్లెలింటికి వెళ్లి, సాయంత్రానికి తిరిగి రావాలని అక్క కోరిక. ఎల్‌ఎల్‌ఆర్‌కి ఆరు నెలలే ప్రాణం. ఆ లోపల పరీక్ష పాసవ్వకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

డ్రైవింగ్ స్కూలు కారు ఒకరోజు ఎక్కి చూసింది. పక్కన కూర్చున్న మాస్టారి కాళ్ల కింద ఇంకో బ్రేకు ఉంటుంది కదా, ఆయన ప్రతి మలుపులోనూ దాన్ని తొక్కుతున్నాడు. అక్క దిగి వచ్చేసింది. "బ్రేకు నా కాలి కిందే ఉండాలి. మన కారు మీదే నేర్చుకుంటాను, మన కారు మీదే పాసవుతాను" అంది.

అలా అని నాలుగు రోజులైందో లేదో, విహారి స్టార్టవ్వడం మానేసింది.

"ఎలకేమైనా వైరు కొరికేసిందేమో చూడండి. నిన్న బోనెట్ కింద నుంచి ఒకటి పరిగెట్టింది" అని అక్క చెప్పింది.

బావకి ఆ మాట నచ్చలేదు. అంత పెద్ద కారు, అంత పెద్ద షావుకారు. ఆగిపోవడానికి ఒక పెద్ద కారణం ఉండొద్దూ? ఎలకా! పైగా ఆ మాట చెప్పింది ఎవరు, ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని వారమైనా కాని మనిషి.

"ఎలకేటి, నీ మొహం! ఇంజిన్ పోయింది" అని తీర్పు ఇచ్చేశాడు.

చోడవరం రోడ్డులో షెడ్డు ఉన్న మెకానిక్ నూకరాజు కూడా తొందరపడొద్దనే అన్నాడు. "రెండ్రోజులు టైమియ్యండి బాబూ, వైర్లన్నీ ఓపాలి సూత్తాను." బావ వింటేనా? అప్పటికే విశాఖ వైపు ఒక తుక్కు యార్డులో సెకండ్ హ్యాండ్ ఇంజిన్లు దొరుకుతాయని ఎవరో చెవిన వేశారు. నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

యార్డులో ఇంజిన్లు వరసగా పెట్టి ఉన్నాయి. బావకి అది మార్కెట్ యార్డులాగే కనిపించి ఉండాలి, నడక మారిపోయింది. ఒక్కో ఇంజిన్ ముందు ఆగుతాడు. వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. గోటితో గీకుతాడు. వాసన చూస్తాడు. ఒకదాని మీద నాలుక ఆనిస్తాడేమోనని భయపడి నేను చెయ్యి పట్టుకున్నాను.

వరస చివర ఒకటి ఉంది. కొత్తగా వెండి రంగు వేశారు. ఎండలో తళతళ మెరుస్తోంది!

బావ రెండడుగులు వెనక్కి వేశాడు. ఒక కన్ను చికిలించాడు. "రంగు చూడ్రా" అన్నాడు. గొంతు కూడా మారిపోయింది.

మెరిసేదంతా మందేనని ముప్ఫై ఏళ్లుగా ఊరందరికీ చెబుతున్న మనిషండీ! ఆ మాట ఆయనకి గుర్తు చేద్దామా అనుకున్నాను. కానీ బావమరిదికి కొన్ని హద్దులుంటాయి.

యార్డువాడు పాపం నిజాయితీపరుడు. "సార్, ఇది శౌర్య బండిది, రెండు వేల పద్నాలుగు మోడల్. మీది విహారి, ఎనిమిది మోడల్ అంటున్నారు. సెట్టవదండి" అన్నాడు.

"అవదంటే ఏటి? పాకం ఏ అచ్చులో పోస్తే ఆ అచ్చుకి సర్దుకోదేటి?" అన్నాడు బావ.

యార్డువాడు తల గోక్కుని రసీదు పుస్తకం తీశాడు. ఆ ప్రశ్నకి ఏ ఇంజినీరు దగ్గరైనా జవాబుంటుందని నేననుకోను.

ఇంజిన్‌ని ఆటో ట్రాలీలో తెచ్చి షెడ్డు ముందు దించితే నూకరాజు దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "బాబూ, ఇది బెల్లం పాకం కాదు" అన్నాడు.

"నువ్వు బిగించు. ఆ పాత మసిబొగ్గు మాత్రం నా కంటికి కనబడకూడదు, తుక్కు కింద ఎవరికైనా ఇచ్చేయ్" అన్నాడు బావ.

నలభై రోజులు పట్టింది. కోశాడు, అతికాడు, సుత్తి పెట్టి కొట్టాడు, మళ్లీ కోశాడు. చివరికి ఇంజిన్ అయితే లోపల కూర్చుంది గానీ బోనెట్ మూతపడలేదు. దాన్ని కొబ్బరి తాడుతో కట్టాడు.

అసలు విశేషం ఇంకోటి ఉంది. కొత్తకాలం ఇంజిన్లకి మెదడు ఉంటుందట! చిన్న పెట్టె, దాన్నిండా వైర్లు. శౌర్యలో దానికి చోటు ఉంది. విహారి పుట్టే కాలానికి మా ఊళ్లో ఇంజిన్లకి మెదడు అలవాటు లేదు కాబట్టి చోటు లేదు. వేడి తగలకూడదు, తడి తగలకూడదు, ఎలక ముట్టకూడదు. నూకరాజు ఆలోచించి ఆలోచించి మా అక్క స్టీలు టిఫిన్ డబ్బాకి పక్కన బెజ్జం పెట్టి, అందులో మెదడు పెట్టి మూత వేశాడు. కారులో ముందు సీట్లో ఎవరు కూర్చుంటే వారు ఇంజిన్ మెదడుని ఒళ్లో పెట్టుకోవాలి.

తాళాలు కూడా రెండు. విహారి తాళం తిప్పాలి, శౌర్య తాళం చూపించాలి. చూపించకపోతే ఆ మెదడు "నా యజమాని వీడు కాదు" అనుకుని అలుగుతుంది.

హారన్ నొక్కితే వైపర్లు ఆడతాయి. మా వీధిలో గేదెలు అడ్డమొస్తే బావ అద్దం తుడిచి చూపించేవాడు. బండి నిలబడి ఉండగానే స్పీడు నలభై చూపిస్తుంది. డీజిల్ ముల్లు ఎప్పుడూ ఫుల్ దగ్గరే ఉంటుంది. అంతటి ఆశావాదం మీ కారులో ఉందా? ఏ దొంగైనా ఈ బండిని ఎత్తుకుపోగలడా? వాడికి రెండు తాళాలు కావాలి, ఒళ్లో టిఫిన్ డబ్బా పట్టుకోవడానికి తోడుదొంగ కావాలి, వెనక నలుగురు కావాలి.

వెనక నలుగురు ఎందుకంటారా? తొయ్యడానికి!

అసలు ఆశీర్వాదం ఇక్కడే మొదలైంది. ఆ ఇంజిన్ బుద్ధిపుడితే నడిచేది, బుద్ధిపుడితే ఆగేది. ఎక్కువగా ఆగేది. మొదటి రోజు వీధి మలుపులో ఆగితే బావ, నేను తోస్తున్నాం. వెనక నుంచి మూడో జత చేతులు పడ్డాయి. తిరిగి చూస్తే పక్కింటి రామ్మోహనరావు మాస్టారు! ప్రహరీ గోడ జానెడు ఇటు జరిగిందని ఎనిమిదేళ్లుగా బావతో మాటల్లేని మనిషి. ఆ రోజు ఇద్దరూ మాట్లాడుకోకుండానే తోశారు. మర్నాడు "బరువు ఎడమ పక్క పెట్టండి" అన్నారాయన. వారం తిరిగేసరికి తోసిన తర్వాత మా అక్క చేతి కాఫీ తాగుతూ ఇద్దరూ పాత గోడ సంగతి చెప్పుకుని నవ్వుకున్నారు. పెద్దమనుషుల తగువులో తేలని గోడ ఒక ఇంజిన్‌తో తేలింది.

మాస్టారికి షుగరు తగ్గింది. నాకు పొట్ట తగ్గింది. ఊరంతా మమ్మల్ని గుర్తుపడుతోంది. నా రచనలు చదివి ఒక్కరైనా గుర్తుపట్టారా ఇన్నేళ్లలో?

తోసేటప్పుడు స్టీరింగ్ దగ్గర ఒకరు ఉండాలి కదా. మొదటి రోజు ముందు బావే కూర్చున్నాడు. ఆయన కూర్చుంటే బండి కదల్లేదు. ఆ శరీరం అటువంటిది. దాంతో తను దిగి అక్కని కూర్చోబెట్టాడు.

"స్టీరింగ్ పట్టుకుని కూచో. ఇంకేటీ చెయ్యకు" అని చెప్పాడు.

అక్క ఇంకేమీ చెయ్యలేదు. బండి కదిలాక సెకండ్ గేరు వేసి, టైం చూసి క్లచ్ వదిలి, స్టార్టవ్వగానే మళ్లీ తొక్కి, అద్దంలో మా ముగ్గురినీ చూస్తూ పక్కకి తీసి ఆపేది. అంతే! బావ చెమట తుడుచుకుంటూ వచ్చి "జరుగు" అనేవాడు. అక్క పక్క సీట్లోకి జరిగి డబ్బా ఒళ్లో పెట్టుకునేది. నాలుగు నెలలు రోజుకి మూడు నాలుగు సార్లు ఇదే జరిగింది. మా అక్క కాలికి క్లచ్ పసుపు పూసినట్టు అలవాటైపోయిందన్న సంగతి బావ గమనించలేదు. ఆయన కన్ను రంగులు చూసే కన్ను కదా.

ఇంతలో ఫిబ్రవరి వచ్చేసింది. ఎల్‌ఎల్‌ఆర్ గడువు మార్చి మొదటి వారం. అక్క పరీక్షకి స్లాటు తీసుకుంది, గురువారం. అది తప్పితే గడువులో ఇంకో స్లాటు లేదు.

స్లాటు తీసుకున్నాక గానీ బావకి ఒక చిన్న విషయం తట్టలేదు. పరీక్ష దగ్గర బండి కాగితాలు చూస్తారు. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు విహారిది. బండిలో ఉన్నది శౌర్య. నంబరు మార్చమని పెట్టిన దరఖాస్తు ఇంకా నడుస్తూనే ఉంది, కారు కంటే కాస్త మెరుగ్గా. గురువారానికి తేలదు.

"స్కూలు కారులో వెళ్లిపో" అన్నాడు బావ, నేల చూపులు చూస్తూ.

అక్క ఎల్‌ఎల్‌ఆర్ కాగితాన్ని మడతపెట్టి బీరువాలో చీర కింద పెట్టింది. అరిచినా బాగుండేది అనుకున్నాడు బావ. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని నాతో తర్వాత చెప్పాడు. మూడు సార్లు వడ్డించుకున్నాడని అక్క చెప్పింది.

ఆదివారం పొద్దున్న రావికమతం వైపు వెళ్లాల్సొచ్చింది. అక్కడ సింహాచలం అనే చెరకు రైతు, ఏళ్లుగా బావ కొట్టుకే బెల్లం తెస్తాడు. ఆ ఏడాది ఆఖరి వంట అని కబురు పెట్టాడు. బావ ముందు రోజే ఇంకెవరి దగ్గరో కొన్న పసుపుపచ్చ దిమ్మలోంచి ఒక ముక్క కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. "రంగంటే ఇలాగుండాలని వాడికి చూపిత్తాను" అన్నాడు. అక్కని కూడా రమ్మన్నాడు. ప్రేమ కొంత, ఆగితే స్టీరింగ్ దగ్గర మనిషి కావాలన్న ముందుచూపు కొంత. నేను వెనక సీట్లో ఉన్నాను, తోసేవాడిగా.

సరిగ్గా సింహాచలం కళ్లం ముందుకి వచ్చేసరికి ఇంజిన్‌కి బుద్ధి మారింది, ఆగిపోయింది. మేం దిగాం. తాడు విప్పి బోనెట్ ఎత్తాం. వెండి రంగు అలాగే మెరుస్తోంది.

అప్పుడు వినబడింది. గానుగ షెడ్డులోంచి. ఖ్హూ, ఖ్హూ. రెండు దగ్గులు, ఆ తర్వాత ఒకటే శ్రుతి.

బావ బోనెట్ కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఆ దగ్గు నాకు తెలుసురా" అన్నాడు.

లోపలికి వెళ్లాం. రెండు దుంగల మీద కూర్చుని ఉంది మా విహారి పాత ఇంజిన్! అదే మసి, అదే నూనె. పక్కన చల్లదనానికి నీళ్ల డ్రమ్ము. బెల్టు తిరుగుతోంది, గానుగ ఆడుతోంది, చెరకు రసం ధారగా పెనంలోకి పోతోంది. సింహాచలం భార్య చిన్నమ్మలు గడలు అందిస్తోంది. గుంజకి ఒక కాలింగ్ బెల్ స్విచ్ బిగించి ఉంది. అది నొక్కితే ఇంజిన్ స్టార్టు!

"ఇదెక్కడిది సింహాచలం?" అని బావ నీరసంగా అడిగాడు.

"మీదే గదా బాబూ! తుక్కు కింద నూకరాజు ఇత్తంటే కాళీ ట్రాక్టరుమీద ఏసుకొచ్చేసేను. మీకు సెప్పలేదేటి ఆడు?"

"మరి ఇది పాడైపోయింది కదా. ఎలా నడుత్తంది?"

చిన్నమ్మలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పాడేటి బాబూ? ఎలక వైరు కొరికీసింది. జానెడు వైరు. మా ఆయన అతికించీసేడు. ఆరోజు కాడ్నించీ ఒక్క పూట ఆగితే ఒట్టు!"

బావ వంగి ఆ వైరు అతుకు చూశాడు.

ఎలక! నలభై రోజుల షెడ్డు, నాలుగు నెలల తోపుడు, బీరువాలో చీర కిందికి పోయిన కాగితం. అన్నిటి వెనకా జానెడు వైరు. ఆ సంగతి మొదటి రోజే ఒక మనిషి చెప్పింది. బావ మెల్లగా అక్క వైపు తిరిగాడు. అక్క ఆయన్ని చూడటం లేదు, పెనంలో మరుగుతున్న రసాన్ని చూస్తోంది. ముప్ఫై ఏళ్ల షావుకారికి ఆ నిమిషం నిజంగా సిగ్గేసింది. చెవులు ఎర్రబడటం నేను చూశాను.

"సింహాచలం, ఆ ఇంజిన్ నాకు కావాలి. నా దగ్గరున్నది ఇచ్చేత్తాను. మంచి రంగు మీదుంది" అన్నాడు.

"ఆ యెండి సామాను మాకెందుకు బాబూ" అంది చిన్నమ్మలు. తర్వాత కొంగు నడుముకి దోపి, చాలా ఏళ్లుగా దాచుకున్నట్టున్న మాట ఒకటి బయటపెట్టింది. "ఒకటడుగుతాను, ఏటనుకోకండి. నల్లగుందని మా బెల్లానికి ధర కోసీసేవోరు. ఇదీ నల్లగుందనే తుక్కు కిందిచ్చీసేరు కావాల?"

సింహాచలం "ఊరుకోయే" అన్నాడు గానీ గట్టిగా అనలేదు.

బావ అలవాటు కొద్దీ జేబులోంచి పొట్లం తీసి "రంగంటే..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు.

చిన్నమ్మలు ఆ పొట్లం అందుకుంది. అందులోంచి ఒక పలుకు, తమ దిమ్మలోంచి ఒక పలుకు విరిచింది. "ఇంకో రెండు పెనాల సెరుకుంది. రేపు మజ్జేనానికి అయిపోద్ది. ఆనక ఇంజిన్ తీసుకుపోండి. కానీ ఇప్పుడు మీరు కళ్లు మూసుకోవాల. రుసి సూసి ధర సెప్పాల. ఏ ధర సెబితే ఆ ధరకే ఈ ఏడు మా సరుకు. సమ్మతమేనా?"

"సమ్మతమే" అంది మా అక్క. అక్కడికొచ్చాక ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

బావ కళ్లు మూసుకున్నాడు. నమ్మకం చాలక అక్క వెనక నుంచి తన చేతులు కూడా అడ్డం పెట్టింది.

మొదటి పలుకు నాలుక మీద పడింది. బావ మొహం ముడుచుకుపోయింది. "ఉప్పగా, మందు కొడతంది. ఎవడు వండేడిది? దీనికి ధర కోసెయ్."

రెండోది పడింది. బావ చప్పరించాడు. మొహం విచ్చుకుంది. చిన్నపిల్లాడిలా ఇంకో పలుకు కోసం చెయ్యి చాచాడు. "ఇదీ బెల్లం! పై ధర. దీని మీద ఇంకో ధర లేదు, రాసుకో."

అక్క చేతులు తీసేసింది. బావ కళ్లు తెరిచి చూస్తే చిన్నమ్మలు చేతిలో నల్ల దిమ్మ. కింద విప్పిన పొట్లంలో పసుపుపచ్చ ముక్క, తనదే. ముప్ఫై ఏళ్లలో మా బావ కళ్లు మూసుకుని కట్టిన మొదటి ధర అది, సరిగ్గా కట్టిన మొదటి ధర కూడా అదే.

సోమవారం మధ్యాహ్నం పాత ఇంజిన్ ట్రాక్టరెక్కింది. నూకరాజు ఈసారి సుత్తి ముట్టుకోలేదు. "దీని సోటు దీనికి తెలుసు బాబూ" అన్నాడు. బుధవారానికి బోనెట్ మూతపడింది. టిఫిన్ డబ్బా బెజ్జంతో సహా వంటింటికి తిరిగొచ్చింది.

గురువారం పరీక్ష. బావ, నేను, రామ్మోహనరావు మాస్టారు కంచె బయట నిలబడ్డాం. కాగితాలు చూశారు, నంబరు చూశారు, కలిసింది. అక్క ఎనిమిది అంకె వేసింది. రివర్సు తీసింది. ఎత్తు మీదకి వెళ్లేచోట కంగారులో క్లచ్ ఒక్క క్షణం ముందు వదిలేసింది, బండి ఆగిపోయింది. నాలుగు నెలల అలవాటు! కిటికీలోంచి తల బయటపెట్టి "ఏమండీ, తొయ్యండి!" అని కేకేసింది.

మేం ముగ్గురం అప్పటికే కంచె దాటేశాం. బావ చొక్కా చేతులు మడుచుకుంటూ ముందు, మాస్టారు వెనక. "ఎవరండీ మీరంతా?" అని ఆఫీసరు ఈల ఊదాడు. ఈలోగా అక్కకి ఇది ఏ ఇంజినో గుర్తొచ్చింది. బ్రేకు వేసి పట్టుకుంది, తాళం తిప్పింది. ఖ్హూ, ఖ్హూ. బండి ఒక్క అంగుళం వెనక్కి జారకుండా ఎత్తెక్కింది.

"బండి ఆగిపోతే కంగారు పడనివాళ్లు మాకు అరుదుగా కనబడతారు. ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని ఆఫీసరు పాసని రాస్తూ అడిగాడు.

"రోడ్డు మీదేనండి. మా వారు నేర్పారు" అంది అక్క. బావ ఛాతీ ఉబ్బింది. ఆ మాటలో ఉన్నదేమిటో ఆయనకి ఇప్పటికీ అర్థం కాలేదు, నేనూ విప్పి చెప్పలేదు. పై ఆదివారమే అక్క రాంబిల్లి వెళ్లొచ్చింది, ఒక్కతే. ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు చెప్పండి, సెకండ్ హ్యాండ్ ఇంజిన్ మార్పిడి వరమా, శాపమా? ప్రస్తుతం బావ కారులో ఆ కారు ఇంజినే ఉంది. చూశారా దరిద్రం! తొయ్యాల్సిన పని లేదు. నా పొట్ట మళ్లీ పెరుగుతోంది. మాస్టారికి షుగరు రెండొందలు దాటింది. శౌర్య ఇంజిన్ వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. బావ అప్పుడప్పుడు దుప్పటి ఎత్తి చూసుకుంటాడు, ఆ రంగంటే మోజు ఇంకా చావలేదు. మరి ఆ మోజే కదండీ, మందు కలపని రైతుకి ధర కోసి, కలిపినవాడికి పై ధర కట్టి, ఆ తర్వాత "ఈ కాలంలో అసలు సరుకెక్కడ దొరుకుతోంది" అని నిట్టూర్చేది!

మొన్న సోమవారం మార్కెట్లో దిమ్మలు పేర్చారు. సింహాచలం సరుకు వచ్చింది, నల్లగా. పక్కనే పైరాష్ట్రం పార్టీ నిలబడి ఉన్నాడు. బావ దిమ్మని గోటితో గీకాడు, రెండడుగులు వెనక్కి వేశాడు, ఒక కన్ను చికిలించాడు. "రంగు తక్..." అన్నాడు.

వెనక హారన్ మోగింది. వైపర్లు కదల్లేదు, హారనే మోగింది. విహారి స్టీరింగ్ వెనక మా అక్క.

బావ చప్పున రెండు కళ్లూ మూసుకుని, దిమ్మ వైపు చెయ్యి చాచాడు.